అంబాసిడర్ – మారుతి 800: ఒక పోలిక

"కారంటే అంబాసిడరే!" అని పెద్దలు, "అది పెట్రోలు తాగే ఏనుగు" అని కుర్రకారు వాదించుకోవడం మా కొల్లేటి ఊళ్లలో కొత్తేమీ కాదు. మా ఇంట్లోనూ పాక పక్కనున్న పాత అంబాసిడర్‌ని తుక్కు కింద అమ్మేద్దామని బాబాయి, వద్దని పెదనాన్న. అభిమానాలు పక్కనబెట్టి, క్లాసులో చదివే భౌతికశాస్త్రంతో ఈ రెండు కార్లనూ కొలిచి చూద్దాం.

ముందుగా పుట్టుపూర్వోత్తరాలు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టారు. జపాను సుజుకీ సహకారంతో గుర్‌గావ్‌లో తయారైన మొదటి మారుతి 1983 డిసెంబరు 14న కొన్నవారి చేతికి వచ్చింది. రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది.

బరువు – బలం

అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోలు ఇంజను బలం సుమారు 50 అశ్వశక్తి, బండి బరువు సుమారు 1,100 కిలోలు. మారుతి 796 సి.సి. ఇంజనుకు సుమారు 37 అశ్వశక్తి, బరువు 650 కిలోలు. భాగించి చూడండి: టన్ను బరువుకు అంబాసిడర్‌కి 45, మారుతికి 57. ఖాళీ బండి పందెంలో చిన్నదే గెలుస్తుంది!

ఇప్పుడు ఐదుగురు మనుషుల్నీ, సామాన్నీ కలిపి 350 కిలోలు ఎక్కించండి. లెక్క 34, 37 అవుతుంది. తేడా దాదాపు కరిగిపోయింది. బరువు పెరిగేకొద్దీ చిన్న బండి సుఖం తగ్గుతుందన్నమాట. అదే ఒక్కడే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం హైవే మీద వెళ్తే, అంబాసిడర్‌లో 450 కిలోల ఇనుము ఊరికే మోయించినట్టే. ఆ మోత ఖర్చంతా పెట్రోలు బంకులో తెలుస్తుంది.

ఏ చక్రం లాగుతుంది?

మారుతిని ముందు చక్రాలు లాగుతాయి, అంబాసిడర్‌ని వెనక చక్రాలు నెడతాయి. ఎడ్లబండి తోలినవాడికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. అలాగే వెనక సీటూ డిక్కీ నింపి బురద గట్టు ఎక్కేటప్పుడు, మారుతి ముందు చక్రాలకి చాలినంత పట్టు దొరకదు. అంబాసిడర్‌కి ఆ బరువే పట్టునిస్తుంది. ఖాళీగా వెళ్తే మాత్రం ఇంజను బరువు లాగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి మారుతిదే పైచేయి. ఇంకొకటి, అంబాసిడర్ చక్రం రిమ్ము 15 అంగుళాలు, మారుతిది 12. పెద్ద చక్రం గుంతలో తక్కువ దిగుతుంది, తేలిగ్గా బయటికొస్తుంది.

మరి మనకేది?

వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేటిలో చేరినప్పుడు మా నల్లరేగడి గట్లు ఎలా ఉంటాయో చూసినవాళ్లకి తెలుసు. అర్ధరాత్రి పురిటి నొప్పులు పడుతున్న మనిషినీ, తోడు నలుగురినీ ఎక్కించుకుని ఆ గట్టు దాటాలంటే నా లెక్క ప్రకారం అంబాసిడరే మేలు. తారు రోడ్డెక్కాక రోజువారీ పనులకి మారుతి. కాబట్టి మా గట్టుకి మంచి రోడ్డు పడేదాకా పెదనాన్న మాటే నెగ్గాలి. రోడ్డు పడ్డ మర్నాడు బాబాయి మాట! అయితే పెదనాన్న కూడా ఒకటి ఒప్పుకోవాలి. తయారీ ఆగిన బండికి సామాను దొరకడం ఏటేటా కష్టమవుతుంది. అంచేత మనం పట్టుబట్టి అడగవలసింది కొత్త కారుని కాదు, మంచి గట్టు రోడ్డుని.