ఉప్పునీటి రొయ్యల చెరువులలో పాత అడుగు మట్టి తొలగింపు – వరి పొలాల రక్షణ

చెరువు పూడిక మట్టిని పొలానికి తోలడం కృష్ణా డెల్టాలో పాత ఆచారం. గుడివాడ ప్రాంతపు మంచినీటి చేపల చెరువుల మట్టిలో సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం ఉంటాయి కనుక అక్కడ ఈ ఆచారం మేలే చేస్తుంది. మచిలీపట్నం, దివిసీమ తీరాన ఉప్పునీటి రొయ్యల చెరువుల మట్టికి దీనినే వర్తింపజేస్తే వరి పొలం ఉప్పుబారుతుంది.

అడుగు మట్టి పాడగుటకు కారణం

మిగిలిన మేత, రొయ్యల విసర్జితాలు, చనిపోయిన నాచు చెరువు అడుగున చేరుతాయి. అడుగు మట్టిలో పైనున్న కొద్ది మిల్లీమీటర్ల గోధుమరంగు పొరలో మాత్రమే ప్రాణవాయువు ఉంటుంది. దాని దిగువన సూక్ష్మజీవులు ఉప్పునీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. ఇది ఇనుముతో కలిసినందున మట్టి నల్లబడుతుంది. సేంద్రియ పదార్థం మితిమీరినపుడు పై పొర నశించి, కుళ్లిన గుడ్ల వాసనగల ఈ విషవాయువు నీటిలోకి వస్తుంది. కనుక రొయ్యలున్న చెరువు అడుగును కెలకరాదు. సముద్రజీవులను పెంచే అద్దాల తొట్టెలలో పాత ఇసుకను ఒక్కసారిగా కదపక విడతలుగా మార్చడానికి కూడా ఇదే కారణం.

ఎంత మట్టి తీయాలి?

ఏరేటర్ల ప్రవాహం వలన బురద ఎక్కువగా చెరువు మధ్యభాగంలో పేరుకుంటుంది. పట్టుబడి ముగిసి నీరు తీసివేసిన పిదప ఆ నల్లబురదను మాత్రమే తొలగించాలి. అడుగంతటినీ ఏటా చెక్కితే అది మురుగు కాలువ మట్టం కంటే దిగిపోతుంది. సముద్రమట్టానికి స్వల్ప ఎత్తులోనున్న దివిసీమలో అట్టి చెరువును ఖాళీ చేయడం, ఎండబెట్టడం రెండూ కష్టమే.

మిగిలిన అడుగును రెండు మూడు వారాలు పగుళ్లు వచ్చేవరకు ఎండబెట్టి, 5–10 సెం.మీ. లోతున దున్నాలి. గాలి చొరబడి సేంద్రియ పదార్థం విచ్ఛిన్నమవుతుంది. మట్టి ధూళిగా మారేంతగా ఎండితే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. ఆమ్లత్వాన్ని సరిదిద్దడానికి సున్నం వేయవలసినది ఉదజని సూచిక 7 కంటే తక్కువైనపుడే.

ఉప్పు లెక్క

ఎకరా చెరువులో 5 సెం.మీ. మందాన తీసిన బురద సుమారు 200 ఘనపు మీటర్లు. అందులో సగం నీరనీ, ఆ నీటిలో లీటరుకు 15 గ్రాముల ఉప్పు ఉందనీ అనుకుంటే, బురదతో బయటికి వచ్చే ఉప్పు 1,500 కిలోలు. వరి పొలంలో సంతృప్త మట్టి సారపు లవణ సూచిక 3 డెసీసైమన్లు దాటితే దిగుబడి తగ్గనారంభిస్తుంది. ఆపై ప్రతి డెసీసైమనుకు సుమారు 12 శాతం చొప్పున నష్టం కలుగుతుంది. జిప్సం ఒక్కటే దీనికి చాలదు. ఉప్పును మంచినీటితో కడిగి మురుగు కాలువ ద్వారా పంపవలసి ఉంటుంది. కాలువ చివరి భూములకు ఆ మంచినీరే కొరత.

సిఫార్సులు

1. తీసిన బురదను పంట కాలువలోగాని, మురుగు కాలువలోగాని, వరి పొలంలోగాని వేయరాదు.

2. చెరువు గట్టుపై వదిలితే తొలకరి వానలకు తిరిగి చెరువులోకో పక్క పొలంలోకో చేరుతుంది. చుట్టూ కట్టవేసిన ప్రత్యేక స్థలంలో నిల్వచేయాలి.

3. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించిన తరువాత దాని సాగు తక్కువ ఉప్పదనంగల లోపలి ప్రాంతాలకూ విస్తరించింది. కావున ప్రాంతాన్నిబట్టి గాక లవణ సూచిక పరీక్షించిన పిదపనే మట్టి వినియోగాన్ని నిర్ణయించాలి.

4. విస్తరణ శాస్త్రవేత్తలు చెరువు రైతుతోపాటు పక్క పొలం వరి రైతు మట్టి నమూనాను కూడా ఏటా పంటకు ముందు పరీక్షింపజేయాలి. ఉప్పు చేరికను తొలి ఏడే గుర్తిస్తే నివారణ సులభం.