తిరిగి పరుగెత్తగోరువారికి

వాక్యభాగము: 1 రాజులు 18:41–19:9, హెబ్రీ 12:1–3



కర్మెలు పర్వతమునొద్ద వర్షము వచ్చినపుడు ఏలీయా నడుము బిగించుకొని, అహాబునకు ముందుగా యెజ్రెయేలువరకు పరుగెత్తెను. తరువాతి అధ్యాయములో ఆ ప్రవక్తయే బదరీవృక్షము క్రింద పడి చావు కోరుచున్నాడు. దేవుడు అతనిని ఎట్లు లేవనెత్తెనో గమనించుడి. పరుగెత్తుమని ఆజ్ఞాపింపలేదు. నిద్ర, రొట్టె, నీళ్లు. మరల నిద్ర, మరల రొట్టె, నీళ్లు. ఆ పిమ్మట 40 దినముల నడక. ఈ క్రమము మన దేహమునకును ఆత్మకును పాఠమైయున్నది.

1. దేహవిషయము

మన గ్రామములలో అనేకులు యౌవనమున కబడ్డీ ఆడినవారు, పోలీసు ఎంపికకై 1600 మీటర్ల పరుగు సాధన చేసినవారు. పిమ్మట విశాఖపట్నము పోర్టులోనో, ఉక్కు కర్మాగారములోనో పనికి కుదిరి, షిఫ్టుల మధ్య పరుగు మానివేసిరి. 40 ఏండ్లు దాటి, చక్కెరవ్యాధియని డాక్టరు చెప్పగానే, పూర్వపు వేగముతోనే పరుగెత్త జూతురు. నాలుగు దినములకు మోకాలు వాచును, బూట్లు మూలకు చేరును.

కారణమేమనగా, ఊపిరి కొన్ని వారములలోనే మెరుగుపడును గాని, ఎముకలును కీళ్లను పట్టియుంచు కట్లును గట్టిపడుటకు నెలలు పట్టును. కాబట్టి ఒక నిమిషము మెల్లని పరుగు, రెండు నిమిషముల నడక. ఇట్లు 20 నిమిషములు, వారమునకు మూడు దినములు, నడుమ విశ్రాంతి చాలును. ప్రక్కవానితో మాటలాడగలిగినంత వేగమే తగిన వేగము. మన తీరమున ఉక్క ఎక్కువ గనుక ఎండ ముదరక మునుపే ముగించి నీళ్లు త్రాగవలెను. చక్కెర, రక్తపుపోటు గలవారు ముందుగా డాక్టరును అడుగవలెను. రొమ్మునొప్పి వచ్చినచో వెంటనే ఆగి ఆస్పత్రికి పోవలెను. పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మోస్తరు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వడిగా నడచుటయు, పొలము పనియు ఆ లెక్కలోనివే.

2. మన ఎదుటి దృష్టాంతము

విశాఖపట్నపు బిడ్డ జ్యోతి యర్రాజీని చూడుడి. తండ్రి కాపలా పని, తల్లి ఇండ్లలో పని చేసి పెంచిరి. 100 మీటర్ల హర్డిల్సు పరుగును 13 సెకండ్లలోపు ముగించిన మొదటి భారత స్త్రీ ఆమెయే, అది 2022లో. 2025 మే నెలలో దక్షిణ కొరియాలో ఆసియా స్వర్ణము గెలిచెను. కొద్ది వారములకే మోకాలికి గాయమై శస్త్రచికిత్స జరిగెను. ఆ యేటి ప్రపంచ పోటీలకు పోలేకపోయెను. అట్టి చికిత్స పొందినవారు ఎంతటి వేగము గలవారైనను మరల అడుగులు వేయుటతోనే మొదలుపెట్టవలెను. అందులో అవమానము లేదు.

3. ఆత్మవిషయము

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొందరు ఏడాదిలో బైబిలంతయు చదువుదుమని తీర్మానించుకొందురు. సంక్రాంతి నాటికి గ్రంథము మూయబడును. ఏండ్ల తరబడి ప్రార్థన మానినవాడు మొదటి దినముననే గంటసేపు మోకరింపనక్కరలేదు. ఒక కీర్తన చదివి, ఐదు నిమిషములు ప్రార్థించి, మరునాడును అట్లే చేయవలెను. విడువక చేసినది పెరుగును.

సంఘమునకును ఒక మాట. చాలకాలమునకు గుడికి వచ్చిన సహోదరుని గడపలోనే, ఇన్నాళ్లు ఎక్కడికి పోతివని నిలదీయకుడి. ఇక్కడ నీకేమి పని యని దేవుడు ఏలీయాను అడిగెను, నిజమే. గాని హోరేబు చేరిన తరువాతనే అడిగెను. దారిలో దూత తెచ్చినది రొట్టె.

ఆలోచించుటకు: నేను మానివేసిన మేలు ఏది? రేపు దానిలో ఎంత కొంచెముతో మొదలుపెట్టగలను? మన సంఘములో ఎవరికి రొట్టె తీసికొనిపోవలెను?

యేసు వైపు చూచుచు నడచెదము. పరుగు ఆయనే నేర్పును. ఆమేన్.