తేలిక విమానము: పరికరముల పలక వెనుక తీగల అమరిక



విమానమును చూచినపుడు మన దృష్టి రెక్కలమీదను, ముందరి పంకామీదను నిలుచును. చోదకుని యెదుటనున్న పరికరముల పలకను గమనించువారు కొందరే. ఆ పలక వెనుకనున్న తీగలను తలచువారు మిక్కిలి అరుదు. అయినను ఇంజను ఎంత వేడెక్కినది, నూనె ఒత్తిడి ఎంత, ఇంధనము ఎంత మిగిలినది అను విషయములు చోదకునకు తెలియుట ఆ తీగల వలననే. తీగ చెడినచో ముల్లు అబద్ధము చెప్పును. ముల్లును నమ్మిన చోదకుడు ఆపదలో పడును. కావున ఈ పాఠమున ఆ తీగలను గూర్చి కొంత చెప్పదలచితిమి. ఓము సూత్రము చదివిన తొమ్మిది, పది తరగతులవారికి ఇందు తెలియనిదేమియు నుండదు.

1. ఎట్టి విమానము?

విడిభాగములుగ పెట్టెలలో వచ్చి, కొన్నవారే పనిముట్లు పట్టి కూర్చుకొను చిన్న విమానములు కలవు. వీనిని కిట్ విమానములందురు. స్వయముగ నిర్మించిన విమానమని అనుమతి పొందవలెనన్న, అందలి పనిలో సగమునకు మించిన భాగము ఔత్సాహికులే చేసియుండవలెనని అమెరికాలో నియమము కలదు. రెక్కలు అతుకుట కంటె పలక వెనుక తీగలు అమర్చుటకే ఎక్కువ ఓర్పు కావలయును.

మనకు దగ్గరి ఉదాహరణము మన రాష్ట్ర రాజధానియగు బెంగుళూరులోనే కలదు. బర్ట్ రూటన్ అను అమెరికా దేశీయుడు, ఔత్సాహికులు తామే కట్టుకొనుటకై లాంగ్ ఈజీ అను విమానమునకు పటములు రచించెను. దాని ఆధారముగ బెంగుళూరులోని ఎన్.ఎ.ఎల్. అను వైమానిక పరిశోధనశాల ఒక చిన్న ప్రయోగ విమానమును నిర్మించి 1987లో ఎగురవేసినది. పిదప అచటనే హంస అను రెండు సీట్ల శిక్షణ విమానము రూపొంది 1993లో తొలిసారి ఎగిరెను. హంస-3 రూపము 2000లో ప్రభుత్వ ధ్రువపత్రము పొందెను. హంస-ఎన్.జి. అను నూతన రూపము 2021 సెప్టెంబరు 3వ తేదీన మొదటిసారి ఎగిరెను. హంస కిట్ విమానము కాదు. కాని పరిమాణమునందును, తీగల సూత్రములందును ఆ కోవకు చెందినదే.

2. పలకపై నుండు పరికరములు

ఇవి మూడు తెగలు. మొదటివి గాలి ఒత్తిడితో పనిచేయునవి. వేగమును, ఎత్తును తెలుపు మీటర్లు ఇట్టివి. వీనికి సన్నని గొట్టములు చాలును, విద్యుత్తుతో పనిలేదు. రెండవవి బొంగరము వలె తిరుగు చక్రము గలవి. విమానము ఎటు ఒరిగినదో, ఎటు తిరిగినదో ఇవి తెలుపును. వీనిలో కొన్ని గాలి పీల్పుతోను, కొన్ని విద్యుత్తుతోను తిరుగును. మూడవవి ఇంజను మీటర్లు. వీనికి తోడు రేడియో, దీపములు ఉండును. హంస-ఎన్.జి.లో గుండ్రని మీటర్లకు బదులు ఈ సమాచారమంతయు తెరలపై కనబడును. అందు వాడిన రోటాక్స్ 912 ఐ.ఎస్. తెగ ఇంజనునకు ఇంధనము సమపాళ్లలో అందించుట కూడ విద్యుత్తుతోనే జరుగును. అనగా మీటర్లు తగ్గినను తీగల బాధ్యత పెరిగినదని గ్రహింపవలెను.

3. విద్యుత్తు నడచు దారి

సింధనూరు, మాన్వి తాలూకాల కాలువ క్యాంపులలోని పిల్లలకు ట్రాక్టరు బ్యాటరీ సుపరిచితము. దాని ధనాగ్రము నుండి తీగ స్విచ్చికిని, దీపమునకును పోవును. ఋణాగ్రమును ట్రాక్టరు ఇనుప దేహమునకే బిగించెదరు. దీపము నుండి విద్యుత్తు ఆ ఇనుము ద్వారానే తిరిగి వచ్చును.

విమానమున బ్యాటరీ నుండి ప్రధాన స్విచ్చికి, అచటినుండి ఒక రాగి పట్టీకి విద్యుత్తు చేరును. ఆ పట్టీ నుండి ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క ఫ్యూజు, స్విచ్చి, తీగ. లోహ విమానమైనచో తిరుగుదారికి దాని దేహమే చాలవచ్చును. కాని హంస వంటి విమానముల దేహము గాజుపీచును జిగురుతో కలిపి చేసినది. దానిలో విద్యుత్తు ప్రవహింపదు. కావున పోవు తీగకు తోడు వచ్చు తీగను కూడ వేయవలెను.

ఇందువలన కలుగు భేదమును లెక్కించి చూతము. పలక నుండి రెక్కలోని దీపమునకు 4 మీటర్ల దూరమనుకొనుడు. దీపము 100 వాట్లు, వోల్టేజి 14. అప్పుడు విద్యుత్తు సుమారు 7 ఆంపియర్లు. 14 వోల్టుల విమానమున, ఎడతెగక పనిచేయు పరికరమునకు దారిలో అర వోల్టుకు మించి నష్టపోరాదని నియమము. గేజి సంఖ్య తగ్గినకొలది తీగ లావగునని గుర్తుంచుకొనుడు. 16 గేజి రాగితీగకు మీటరు ఒక్కింటికి 0.013 ఓముల నిరోధము కలదు.

లోహ విమానమున: 4 × 0.013 × 7 = 0.36 వోల్టు. ఈ తీగ చాలును.

గాజుపీచు విమానమున పోక, రాక కలిసి 8 మీటర్లు: 8 × 0.013 × 7 = 0.73 వోల్టు. ఈ తీగ చాలదు.

కనుక 0.0083 ఓముల 14 గేజి తీగను తీసికొన్నచో: 8 × 0.0083 × 7 = 0.46 వోల్టు. ఇది తగును.

మరియొక సంగతి. దీపములు, రేడియో, ఇంజను మీటర్లు తిరుగుదారికి ఒకే సన్నని తీగను పంచుకొనరాదు. దీపము వెలిగింపగానే నూనె వేడిమి ముల్లు కదలినచో, నూనె వేడెక్కినట్లు కాదు. దీపపు విద్యుత్తు ఆ ఉమ్మడి తీగలో వోల్టేజి భేదము కలిగించి మీటరును తప్పుదారి పట్టించినది. అందుచే తిరుగు తీగలన్నింటిని విడివిడిగ తెచ్చి ఒకే ఎర్త్ పట్టీకి బిగించెదరు.

4. ఫ్యూజు ఎవరిని కాపాడును?

పరికరమునని పలువురు చెప్పుదురు. నిజమునకు ఫ్యూజు ముందుగ కాపాడవలసినది తీగను. 22 గేజి సన్నని తీగకు 5 ఆంపియర్లకు మించిన ఫ్యూజు వేయరు. మాటిమాటికి పోవుచున్నదని 20 ఆంపియర్ల ఫ్యూజు వేసినచో, తప్పు జరిగిననాడు ఫ్యూజు నిలుచును, తీగ కాలును. పంపుసెట్టు పెట్టెలో ఫ్యూజు తీగకు బదులు లావు రాగితీగ చుట్టువారికి ఈ మాట వర్తించును. పొలమున పొగ వచ్చినచో మనిషి దూరముగ పోగలడు. ఆకాశమున పోవుటకు చోటు లేదు.

5. తీగ, అతుకు, పేరు

విమానమున ఒంటి తీగ వాడరు. అదురుకు అది విరుగును. కళాయి పూసిన సన్నని రాగి పోగులు పెక్కింటిని పేనిన తీగను వాడుదురు. పై తొడుగు ఇంటి తీగలకుండు పి.వి.సి. కాక, వేడికోర్చునదియు, సులభముగ మండనిదియునగు ప్లాస్టిక్. పి.వి.సి. కాలినచో విషవాయువు వెడలును. తీగ కొసను తగిన పనిముట్టుతో లోహపు తొడుగులో నొక్కి బిగించుట మేలు. టంకము పోసినచో అది పోగులలోనికి పాకి తీగను బిరుసుగ చేయును. ఆ బిరుసు ముగియు చోటనే అదురుకు తీగ తెగును. ముఖ్యమైన కూడళ్లలోని పిన్నులకు బంగారు పూత వేయుదురు, ఏలయన బంగారము తుప్పుపట్టదు. మన జిల్లాలో హట్టి గనులనుండి వెలువడు లోహము నగలకే గాక ఇట్టి పనులకును ఉపయోగపడునని తెలిసికొనుడు.

ప్రతి తీగకు రెండు కొసలయందును ఒకే సంఖ్య వేసి, ఆ సంఖ్యలను పటమున వ్రాయవలెను. పదేండ్ల తరువాత మరియొకరు బాగుచేయవలసి వచ్చినపుడు ఈ పటమే ఆధారము.

ఇంజనునకు నిప్పురవ్వ నిచ్చు మాగ్నెటో తీగ తక్కినవానికి విపరీతము. తక్కిన తీగలు తెగినచో పరికరము ఆగును. దీనిని ఎర్త్‌కు కలిపినపుడే నిప్పురవ్వ ఆగును. ఇది తెగినచో స్విచ్చి కట్టియున్నను మాగ్నెటో సిద్ధముగనే యుండును. అట్టి సమయమున పంకాను చేతితో త్రిప్పినవాని ప్రాణమునకే ముప్పు.

6. ఇంత జాగ్రత్త ఏల?

1996 జులై 17న న్యూయార్కు నుండి బయలుదేరిన టి.డబ్ల్యు.ఎ. 800వ విమానము గాలిలో ప్రేలి 230 మంది మరణించిరి. నడిమి ఇంధనపు తొట్టిలోని ఆవిరి ప్రేలినదని దర్యాప్తువారు తేల్చిరి. నిప్పు ఎచటనుండి వచ్చినదో రూఢి కాలేదు. కాని తొట్టి వెలుపల తీగలు షార్టు అయి, అధిక వోల్టేజి ఇంధన మీటరు తీగల ద్వారా లోనికి ప్రవేశించియుండుటకే ఎక్కువ అవకాశమని వారు 2000లో నిర్ణయించిరి. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరమున కూలిన స్విస్ ఎయిర్ 111వ విమానమున 229 మంది పోయిరి. అందు చోదకుల గది కప్పు దగ్గర తీగలనుండి పుట్టిన నిప్పు వ్యాపించినది. ఇవి పెద్ద విమానములు. వానిని కట్టినవారు నిపుణులు. అయినను తీగ విషయమున అలసత్వమునకు చోటులేదని ఈ రెండును చాటుచున్నవి.

7. తల్లిదండ్రులకు ఒక మాట

తెలుగున చదివిన పిల్లలకు యంత్రవిద్య అందదని కొందరు దిగులుపడుదురు. పై లెక్కలో ఓము సూత్రము తప్ప మరేమున్నది? తీగను మనము తంతియనియు అందుము. కన్నడమునను అది తంతియే. విమానము, విద్యుత్తు అను మాటలును రెండు భాషలకు ఉమ్మడివి. మాతృభాషలో సూత్రము చక్కగ తెలిసిన పిల్లవానికి పొరుగు భాషయందును, ఇంగ్లీషునందును పేర్లు నేర్చుట కష్టము కాదు. సూత్రము తెలియక పేర్లు మాత్రము వల్లించినవానికి ఏ భాషయు తోడ్పడదు. శక్తినగరు విద్యుత్కేంద్రము చెంతనున్న మన పిల్లలు ఆ విద్యకు దూరముగ నుండవలసిన పనిలేదు.

8. అభ్యాసము

ఒక అట్టపై మూడు టార్చి బల్బులను, మూడు స్విచ్చులను అమర్చుడు. రెండు టార్చి సెల్సు మాత్రమే వాడుడు. ఇంటి కరెంటు జోలికి ఎన్నడును పోరాదు. ప్రతి తీగకు రెండు కొసలయందు సంఖ్య కట్టి పటము వ్రాయుడు. మీ మిత్రుని ఒక తీగ ఊడదీయుమనుడు. పటమును మాత్రమే చూచి దానిని కనుగొనుడు.

ప్రశ్నలు:
(1) 18 గేజి తీగకు మీటరు ఒక్కింటికి 0.021 ఓములైనచో, పై దీపమునకు లోహ విమానమున అది చాలునా? లెక్కించి చెప్పుడు.
(2) గాజుపీచు విమానమున తిరుగు తీగ ఏల కావలెను?
(3) మీ ఇంటి పంపుసెట్టు ఫ్యూజు తీగ లావు సరియైనదేనా? మీరు తాకక, పెద్దలను అడిగి తెలిసికొని వ్రాయుడు.