టేపు నుండి లేవని యంత్రము

1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది. మనుష్యులే కొట్టుకొనిపోయిన చోట కాగితముల మాట ఎవరెత్తుదురని అనవచ్చును. అయినను నీరు తీసిన పిదప బ్రతికినవారికి భూమి, జీతము, పరీక్ష మార్కులు అన్నింటికిని రుజువు కావలెను. ఆ రుజువులు నేడు పెక్కుచోట్ల యంత్రములలో ఉన్నవి. కనుకనే వాటి నకలు టేపుపై తీసి దాచుదురు.

యూనిక్స్ సర్వర్లకు బూటబుల్ టేపు అను నకలు కలదు. డిస్కు పూర్తిగా చెడినను, ఆ టేపును పెట్టి ప్రారంభించినచో యంత్రము తన ఆపరేటింగ్ సిస్టమును తిరిగి నిలుపుకొనవలెను. అవసరమైన దినమున అది లేవనిచో కారణము వెదకుట ఎట్లు? ఐ.బి.ఎమ్. వారి ఏఐఎక్స్‌ను ఉదాహరణముగా గ్రహింతము.

అందు ఎంకెసిస్‌బి అను ఆదేశము టేపుపై నాలుగు భాగములను వరుసగా వ్రాయును. మొదటిది బూట్ భాగము. కెర్నెలును, పరికరముల డ్రైవర్లును ఇందుండును. రెండవదానిలో స్థాపనకు వలసిన ఆదేశములు, డిస్కుల అమరిక వివరములు. మూడవది పేరునకు మాత్రమే ఉన్న విషయసూచిక. నాలుగవది అసలు నకలు. మొదటి మూడును 512 బైట్ల బ్లాకులుగా వ్రాయబడును. నాలుగవదానికి మాత్రము డ్రైవునకు మనము నిర్ణయించిన బ్లాకు పరిమాణము వర్తించును. ఈ తేడాను గమనింపక, ఒక టేపునుండి మరియొక టేపునకు అంతయు ఒకే పరిమాణముతో ఎక్కించినచో బూట్ భాగము పనికిరాదు. పెడన అద్దకములో రేఖల అచ్చు తప్పినచో, పిదప వేయు రంగులు ఎంత చక్కనివైనను బట్ట చెడినట్లే.

మొదట చూడవలసినది టేపును కాదు, డ్రైవును. యంత్రపు ప్రారంభ మెనూలో టేపు డ్రైవు కనబడనిచో కేబులును పరీక్షింపవలెను. కనబడియు చదవనిచో శుభ్రపరచు క్యాసెట్టును ఒకమారు నడిపి, టేపును వేరొక డ్రైవులో పెట్టి చూడవలెను. అక్కడ చదివినచో దోషము డ్రైవుదే. తరువాత, నడుచుచున్న యంత్రముపై రీస్టోర్ ఆదేశముతో నాలుగవ భాగములోని ఫైళ్ల జాబితాను తీయవలెను. ఇందుకు రివైండు కాని పరికరపు పేరు, అనగా ఆర్‌ఎంటి0.1 వంటిది, వాడవలెను. జాబితా వచ్చినంతనే పలువురు తృప్తిపడుదురు. అది నాలుగవ భాగమును గూర్చిన సాక్ష్యమే. మొదటి భాగమును గూర్చి అది ఏమియు చెప్పదు. బూట్ భాగము చెడి నాలుగవది బాగున్నచో నిరాశ వలదు: తగిన స్థాయి ఏఐఎక్స్ స్థాపన డిస్కుతో యంత్రమును లేపి, టేపునుండి నకలును దింపవచ్చును.

బూట్ భాగమును పరీక్షించుటకు ఆ టేపుతో యంత్రమును నిజముగా ప్రారంభించి, స్థాపన మెనూ వరకు పోయి ఆగవలెను. ఇచ్చట గొప్ప ప్రమాదమొకటి కలదు. టేపులోని బాస్‌ఇన్‌స్ట్.డేటా ఫైలులో ప్రాంప్ట్ అనుచోట ‘నో’ అని యున్నచో మెనూ రాదు. అడుగకయే స్థాపన సాగి డిస్కు చెరిగిపోవును. పరీక్ష పేరిట లెక్కలు పోగొట్టుకొనుట కన్న హాస్యాస్పదమేమున్నది? కావున ముందుగా ఆ పంక్తిని చదువవలెను. సాధ్యమైనచో పనిలో లేని యంత్రముపైననే పరీక్షింపవలెను.

వేరొక యంత్రమనగానే మరియొక చిక్కు. పాతదానికి వ్రాసిన బూట్ భాగములో క్రొత్తదాని డ్రైవర్లు లేకపోవచ్చును. ఉప్పెనలో సర్వరే మునిగినచో మనకు దొరకునది వేరొక నమూనా యంత్రమే గదా! అందుచే స్థాపన డిస్కును కూడ టేపుతో జతపరచి, గుడివాడ వంటి లోపలి ఊరిలో ఉంచుట మేలని మా అభిప్రాయము. ఎంకెసిస్‌బి రూట్‌విజి అను వాల్యూమ్ గ్రూపును మాత్రమే వ్రాయును. లెక్కలు వేరు గ్రూపులో ఉన్నచో సేవ్‌విజి ఆదేశముతో వేరొక టేపు తీయవలెను. ఈ పరీక్షకు సంఘమువారు సెప్టెంబరులో ఒక దినము కేటాయించినచో, అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే లోపము బయటపడును.