సంతకానికి ముందు రెండు ప్రశ్నలు

సికింద్రాబాద్



ఆర్బిట్రేషన్ చట్టాలు దేశదేశాల్లో మారిపోతున్నాయి, ఎక్కడి నుంచి చదవమంటావు పెదనాన్నా అని అడిగావు. మన ఊరి కేసుతోనే మొదలుపెట్టు.

సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు ఇక్కడి ఎస్.పి. రోడ్డులో, మేఫెయిర్ సెంటర్‌లో ఉండేది. 1999లో ఆ కంపెనీ, అమెరికాకు చెందిన వెంచర్ గ్లోబల్ ఇంజనీరింగ్ చెరిసగం వాటాతో ఉమ్మడి సంస్థ పెట్టాయి. తర్వాత తగవు వచ్చింది. వెంచర్ తన వాటాలను సత్యంకు బదిలీ చేయాలని 2006 ఏప్రిల్‌లో లండన్ ఆర్బిట్రేటర్ అవార్డు, అంటే తీర్పు, ఇచ్చాడు. దాని అమలు కోసం సత్యం మిచిగన్ కోర్టుకెక్కింది. ఆ అవార్డును కొట్టేయమని వెంచర్ సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వచ్చింది. ఇక్కడి కోర్టు, హైకోర్టు కాదన్నాయి. 2008 జనవరి 10న సుప్రీంకోర్టు మాత్రం విదేశీ అవార్డునైనా ఇక్కడ సవాలు చేయవచ్చంది. ఒకే అవార్డు మీద రెండు దేశాల్లో వ్యాజ్యం నడిచింది.

2012 సెప్టెంబరు 6న, భారత్ అల్యూమినియం కేసులో, రాజ్యాంగ ధర్మాసనం ఆ దారి మూసేసింది. సీటు, అంటే ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన స్థానం, విదేశంలో ఉంటే, అవార్డును సవాలు చేసే వీలిచ్చే మన 1996 ఆర్బిట్రేషన్ చట్టంలోని మొదటి భాగం వర్తించదంది. ఆ తీర్పు తర్వాత కుదిరిన ఒప్పందాలకే ఈ సూత్రం. సీటు ఎక్కడుంటే, అవార్డును రద్దు చేసే అధికారం అక్కడి కోర్టులదే. విచారణ బేగంపేట హోటల్లో జరిగినా సీటు సింగపూర్ కావచ్చు.

ఇతర దేశాలూ ఇటే నడుస్తున్నాయి. ఒప్పందంలో స్పష్టంగా వేరే చట్టం రాసుకోకపోతే, ఆర్బిట్రేషన్ క్లాజుకు సీటున్న చోటి చట్టమే వర్తిస్తుందని బ్రిటన్ 2025 చట్టం తేల్చింది. అది ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. చైనా 2025 సెప్టెంబరులో సవరించిన చట్టంలో సీటుకు చోటిచ్చింది. దాని అమలు తేదీ 2026 మార్చి 1.

కాబట్టి మొదటి ప్రశ్న, సీటు ఎక్కడ? రెండోది, ఆర్బిట్రేటర్‌ను ఎవరు ఎంచుకుంటారు? దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమైన రైల్ నిలయం ఉన్న మన ఊళ్లో ఇది ఇంటి ప్రశ్నే. రైల్వే విద్యుదీకరణ సంస్థ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థ తానే పేర్ల జాబితా తయారుచేసి, అందులోంచే ఎంచుకోమని కాంట్రాక్టరును నిర్బంధించకూడదంది. అలాంటి ఏకపక్ష క్లాజు రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమంది. తగవులో ఉన్నవాడే తీర్పరిని తెచ్చుకుంటే న్యాయం మీద నమ్మకం ఎలా నిలుస్తుంది?

ఈ తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదువు. పెద్ద కంపెనీకి రెండు దేశాల్లోనూ లాయర్లుంటారు. బోయిన్‌పల్లిలో చిన్న కాంట్రాక్టరుకు ఆ స్తోమత ఉండదు. రేపు అతను సంతకానికి ముందు ఒప్పందం పట్టుకుని నీ దగ్గరికొస్తే, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కాగితం మీద స్పష్టంగా ఉండేదాకా సంతకం పెట్టనివ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న