ఇటుకపై నిలిచిన స్వామి

కార్తిక మాసమున చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవములకు వేలాది భక్తులు బందరు చేరుదురు. పౌర్ణమినాడు మంగినపూడి తీరమున సముద్రస్నానము చేయుదురు. దత్తాశ్రమమునందలి పండ్రెండు బావుల తీర్థమును సేవించి, పాండురంగని దర్శించి ఇండ్లకు మరలుదురు. దారిలో కనిపించిన దీనులకు చేతనైనది ఇచ్చుటయు ఆ యాత్రలో భాగమే.

ఆ స్వామి ఇటుకపై ఏల నిలిచెను? పుండరీకుడు వృద్ధులైన తల్లిదండ్రుల సేవలోనుండగా స్వామి వాకిటకు వచ్చెను. చేయుచున్న సేవను విడువలేక భక్తుడు ఒక ఇటుకను విసరి, దానిపై నిలిచియుండుమని ప్రార్థించెను. స్వామి నడుముపై చేతులుంచుకొని అట్లే నిలిచెను. వృద్ధుల సేవ ముగియువరకు దైవమే వేచియుండునన్నది ఈ కథలో ఎల్లరు గ్రహించు నీతి. అందు మరియొక నీతియు కలదు. ఇల్లు కదలలేనివానికొరకు స్వామియే వాకిలి వెదకికొని వచ్చెను.

తగిన చోట, తగిన వేళ, తగినవారికి, మారుఫలము కోరక ఇచ్చునది సాత్త్విక దానమని గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు తెలిపెను. తగినవారెవరు? దారిప్రక్కకు వచ్చి చేయి చాపగలవానికి ఆ మాత్రము శక్తి కలదు. మంచము దిగలేని ముదుసలి, కాళ్లు చచ్చుబడిన బిడ్డ, కన్ను కానని ఒంటరి ఏ యాత్రామార్గమునను కానరారు. వారిని మనమే వెదకికొని పోవలయును.

ఈ సత్యమును సముద్రము ఈ సీమవారికి కఠినముగా బోధించినది. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 10,000 మందిని, లేదా అంతకు మించి, బలిగొన్నది. నీరు ధనికుని, పేదను ఎంచలేదు. కాని పరుగెత్తి మేడ యెక్కగలవానికిని, పూరియింట పడియున్నవానికిని నడుమ ఉన్న భేదము ఆ రాత్రి ప్రాణభేదమైనది. అనంతరము దేశమంతయు కదలినది. మండలి వెంకటకృష్ణారావుగారు సహాయకార్యములలో ముందు నిలిచిరి. మదర్ థెరిసా వచ్చి బాధితులను ఓదార్చిరి. రామకృష్ణ మిషన్ వారు నిరాశ్రయులకు ఇండ్లు కట్టించిరి. తీరగ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు వెలసెను.

1990 మే 9న మరియొక భీకర తుపాను కృష్ణా ముఖద్వారము చెంత తీరము దాటినది. అప్పటికి ఆరు లక్షలకు పైబడిన ప్రజలను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోబడినది. అదియు చిన్న నష్టము కాదు. అయినను, ఆపద వచ్చిన పిమ్మట పంచు అన్నముకన్న, ఆపదకు ముందు ఇంటివద్దకు పోయి పట్టుకొన్న చేయి ఎంత గొప్పదో ఆ భేదమే చెప్పుచున్నది.

తుపానులేని దినములందును ఈ ధర్మమే వర్తించును. 2024 జూలైనుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచమునకు పరిమితమైనవారికి 15,000 పింఛనుగా ఇచ్చుచున్నది. సచివాలయ సిబ్బంది నెల మొదట ఇంటికి పోయి అందించుచున్నారు. సామాన్యులకు వృద్ధాప్య పింఛను 60 ఏండ్లకు; వలలాగి ఒడలరిగిన మత్స్యకారులకు, మగ్గముపై కన్ను పోగొట్టుకొన్న చేనేతవారికి 50 ఏండ్లకే. ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు సముద్రమున వేట నిషిద్ధము; ఆ విరామమునకుగాను 2025లో మత్స్యకార కుటుంబములకు 20,000 రూపాయల చొప్పున ఇచ్చిరి. ఇది ప్రజల పన్నుల సొమ్ము. పుచ్చుకొనువారికి భిక్ష కాదు, హక్కు.

అట్లయిన భక్తసమాజమునకు మిగిలిన పని యేది? చాలగలదు. దివ్యాంగుల పింఛనుకు నూటికి 40 పాళ్ల వైకల్యము కలదని వైద్యుల ధ్రువపత్రము కావలయును. దానికై ఆసుపత్రికి ఎత్తుకొని పోవువారెవరు? పనిచేసి అరిగిన వ్రేళ్లను యంత్రము గుర్తింపకున్నచో అధికారుల చెంత మాటలాడువారెవరు? చదువురాని వితంతువునకు దరఖాస్తు వ్రాసిపెట్టువారెవరు? ప్రతి గ్రామ దేవాలయమున నలుగురు భక్తులు కూడి తమ ఊరిలో కదలలేనివారి పట్టిక వ్రాసికొని, వారమునకొకసారి వారి గడప త్రొక్కినచాలు. తుపాను హెచ్చరిక వచ్చిననాడు ఆ పట్టికయే మొదట తీయవలసినది. ఆశ్రయ భవనమునకు ఎవరిని ఎవరు మోసికొని పోవలెనో ముందుగనే నిర్ణయింపబడియుండవలెను.

ఇందుకు గొప్ప సంపద అక్కరలేదు. పొరుగున గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికిని విసుగులేక వండి వడ్డించి, అన్నపూర్ణయని పేరొందిరి. 1909లో ఆమె పరమపదించినను, 2024లో రాష్ట్రమునందలి బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. ఆకలికి వేళ చూడకుండుటయే ఆమె దానమునకు వన్నె తెచ్చినది.

ఇచ్చు తీరును ముఖ్యమే. శ్రద్ధతోను, లజ్జతోను ఈయవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించును. ఇచ్చువాడు సిగ్గుపడవలెనుగాని పుచ్చుకొనువాడు కాదు. వృద్ధురాలి చేతికి దుప్పటి ఇచ్చుచు నలుగురిలో ఛాయాచిత్రము తీయించుకొనుట దానమును అమ్ముకొనుటయే. ఆమె పేరు పలుకరింపునకేగాని ప్రకటనకు కాదు.

పాండురంగని దర్శించి వచ్చు ప్రతి భక్తుడును ఆ యిటుకను తలచుకొనవలెను. తన వీధిలో తలుపు తీయుటకైనను లేవలేనివారెవరో తెలిసికొనవలెను. వాకిట నిలిచి వేచియుండుట స్వామికి తగినప్పుడు, ఆ వాకిటికి నడచిపోవుట భక్తునికి తగదా?