తమ్ముడూ, ఆ నల్లరాయిని చెక్కేయకు



మ్యూజియంలో ఖనిజాల గది నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు ఫొటో పంపిన ఆకుపచ్చ స్ఫటికం, చీటీలో ఉన్నట్టే, పుణే దగ్గరి పాషాణ్ క్వారీల అపోఫిలైట్. దాని కింద అంటుకున్న నల్లరాయిని చెక్కేస్తే ఇంకా బాగుంటుందేమోనని అడిగావు. ఆ పని మాత్రం చెయ్యకు.

ఆ నల్లరాయి బసాల్టు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా. మన వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయీ ఆ లావాదే. అది చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న వాయువులు బుడగల్లాంటి ఖాళీలు మిగిల్చాయి. తర్వాత ఖనిజాలు కరిగిన వేడినీళ్లు వాటిలోకి చేరి, గోడలనంటి స్ఫటికాలు పెరిగాయి. రాయిని ఊడదీస్తే ఈ చరిత్రకు సాక్ష్యం పోతుంది. పక్కనున్న స్టిల్బైట్ అనే ఖనిజాన్నీ కదపకు. ఏది దేనిమీద పెరిగిందో చూసి, ఏది ముందు పుట్టిందో చెప్పొచ్చు.

రంగు చూసి ఎప్పుడూ పేరు పెట్టకు. అపోఫిలైట్ ఎక్కువగా రంగు లేకుండానే దొరుకుతుంది. దీనికి ఈ పచ్చదనం లేశమాత్రంగా చేరిన వనేడియం వల్ల వచ్చింది. మరకతమూ పచ్చనే, కానీ దాని స్ఫటికానికి ఆరు పలకలు, దీనికి నాలుగు. గీసి చూడనక్కర్లేదు, ఆకారం చూస్తే చాలు.

దీని నిర్మాణంలోనే నీరుంది. గట్టిగా వేడి తగిలితే పొరలు లేస్తుంది. ఒక దిశలో చిన్న దెబ్బకే నున్నగా చీలిపోతుంది. అందుకని వేడి దీపాల కింద పెట్టకు, ఆమ్లంతో కడగకు. దుమ్ముంటే మెత్తటి కుంచెతో తుడువు.

అన్నిటికన్నా ముఖ్యం చీటీ. పాషాణ్ ఇప్పుడు పుణే నగరంలో కలిసిపోయింది. క్వారీలు మూతపడి పైన ఇళ్లు లేచాక, అక్కడి రాయి గురించి చెప్పేందుకు ఇలాంటి నమూనాలే మిగులుతాయి. ఎక్కడిదో తెలియని స్ఫటికం ఎంత అందంగా ఉన్నా పరిశోధకుడికి అంతగా అక్కరకు రాదు. కాబట్టి పాత చీటీ చిరిగినా, అందులో తప్పున్నా పారేయకు. కొత్తది రాసి దానితోపాటే ఉంచు. రిజిస్టరులో లేనిది ఊహించి రాయకు.

చీటీ తప్పిపోయినా ఆనవాలు ఉండాలి కదా, నమూనా సంఖ్యను రాయిమీదే చిన్న అక్షరాల్లో వెయ్యి. స్ఫటికం మీద కాదు, నువ్వు చెక్కేద్దామనుకున్న ఆ నల్లరాయి మీద.

ఆశీస్సులతో,
అక్క